పొద్దున్నే రైలెక్కితే... ఓరుగల్లు!

కారు లేదని ఊళ్లు చూడటం మానేస్తామా? తెల్లవారుజామున సికింద్రాబాద్‌లో కాజీపేట వైపు వెళ్లే రైలెక్కితే చాలు, రాత్రికి ఇల్లు చేరేలోపు ఎనిమిది వందల ఏళ్లు వెనక్కి వెళ్లి రావచ్చు. కాస్త ఓపిక, ఒక మంచినీళ్ల సీసా, పులిహోర డబ్బా ఉంటే సరి!

కాజీపేట 132 కిలోమీటర్లు. కిటికీ పక్క సీటు పిల్లలకు వదిలేయండి. భువనగిరి రాగానే ఒకే బండలా లేచిన కొండ, దాని నెత్తిన కోట కనిపిస్తాయి. జనగామకు ముందు వచ్చే పెంబర్తి ఇత్తడి పనికి పేరున్న ఊరు. ఇక కాజీపేటలో పట్టాలు రెండుగా చీలిపోతాయి. ఒక దారి బల్లార్షా మీదుగా ఢిల్లీకి, రెండోది వరంగల్ మీదుగా విజయవాడకి.

చాలామంది ఇక్కడే లెక్క తప్పుతారు. దగ్గరున్న గుళ్లన్నీ ముందు చూసేసి, భోజనాలయ్యాక రామప్పకు బయల్దేరతారు. అక్కడికి చేరేసరికి పొద్దు వాలిపోతుంది, తిరుగు బస్సు కోసం కంగారు మొదలవుతుంది. అందుకే దూరంగా ఉన్నదాన్నే ముందు చూడాలి. హన్మకొండ బస్టాండులో ములుగు మీదుగా ఏటూరునాగారం వెళ్లే బస్సెక్కి, జంగాలపల్లి దగ్గర దిగితే పాలంపేటకు ఆటోలుంటాయి. 2023 డిసెంబరు నుంచి తెలంగాణ మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు. కాబట్టి ఖర్చుకు జంకి ఇంట్లోనే ఉండిపోయే అమ్మలనూ అత్తలనూ వెంటబెట్టుకెళ్లండి. గుర్తింపు కార్డు మాత్రం మరవద్దు.

రామప్ప గుడిని 1213లో గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు. రాజు పేరో దేవుడి పేరో కాకుండా శిల్పి పేరే గుడికి నిలిచిందంటారు. శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలేంత తేలిక. పునాదిలో ఇసుక నింపారు. చూరు కింద నల్లరాతి మదనికల నగల్లో సన్నని సందులు కూడా చెక్కి వదిలారు. గోడల మీది నాట్య భంగిమలు చూసే నటరాజ రామకృష్ణ పేరిణికి మళ్లీ ప్రాణం పోశారు. 2021 జులైలో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. తెలంగాణలో ఆ గౌరవం దక్కిన మొదటి కట్టడం ఇదే.

మధ్యాహ్నానికి హన్మకొండ తిరిగొస్తే బస్టాండుకు దగ్గర్లోనే వేయిస్తంభాల గుడి. 1163లో రుద్రదేవుడు శివుడికి, విష్ణువుకి, సూర్యుడికి కలిపి కట్టించిన త్రికూటాలయం. పిల్లలు స్తంభాలు లెక్కపెడుతుంటే పెద్దలు ఎదురుగా ఉన్న మండపాన్ని పరికించాలి. కుంగిపోతోందని 2000 దశకంలో దాన్ని రాయి రాయిగా విప్పేశారు. ఆ రాళ్లు ఏళ్ల తరబడి ఆవరణలోనే పడి ఉన్నాయి. మళ్లీ పేర్చి జనానికి అప్పగించేసరికి 2024 వచ్చింది! కట్టినవాళ్ల పనితనం ఎంతటిదో, విప్పి కట్టబోయినవాళ్లకు తెలిసొచ్చింది.

సాయంత్రం వరంగల్ కోటకు. 1323లో ఢిల్లీ సేనలు కోటను పట్టుకుని ప్రతాపరుద్రుణ్ని బందీగా తీసుకెళ్లాయి. కాకతీయుల కథ అక్కడితో ముగిసింది. స్వయంభూ శివుడి గుడి నేలమట్టమైంది. నాలుగు దిక్కులా నాలుగు కీర్తితోరణాలు మాత్రం నిలబడ్డాయి. ఆ తోరణమే 2014లో తెలంగాణ రాష్ట్ర చిహ్నంలోకి ఎక్కింది. విరిగిన శిల్పాల మధ్య ఎండ వాలుతుంటే నడవటం పుస్తకం చదివినట్టు కాదు. రుద్రమదేవి పాఠంలో పేరు కాదు, ఈ నేల మీద తిరిగిన మనిషని పిల్లలకు అప్పుడు తెలుస్తుంది.

ఒక్క మాట. ఆ రాళ్ల మీద పేర్లు గీయొద్దని పిల్లలకు ముందే చెప్పండి. అంత చెక్కిన శిల్పులే తమ పేర్లు అన్నిచోట్లా చెక్కుకోలేదు!

కోట నుంచి వరంగల్ స్టేషన్‌కు ఆటోలో కాసేపే. భద్రకాళి చెరువు గట్టు చూడలేదని బాధపడొద్దు. ఒక్కరోజులో అన్నీ చూడాలని పరుగెత్తితే ఏదీ గుర్తుండదు. అది ఇంకో ఆదివారానికి ఉంచుకోండి.