పోప్ గారి ఊళ్లో ఆఫీస్ కప్

ఆఫీస్ టోర్నమెంట్ ఎలా ఉంటుందో మీకు తెలిసిందే. టెస్టింగ్ వాళ్లదో టీమ్, ఫైనాన్స్ వాళ్లదో టీమ్. మొదటి పది నిమిషాలు అందరూ మెస్సీలే. పదకొండో నిమిషం నుంచి అందరూ మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ఆయాసపడేవాళ్లే.

ఇలాంటి టోర్నమెంటే ఒక దేశానికి జాతీయ లీగ్ అయితే? జోక్ కాదు, నిజంగానే ఉంది. వాటికన్ సిటీలో.

ప్రపంచంలోకెల్లా చిన్న దేశం అది. మొత్తం 44 హెక్టార్లు. మన లెక్కలో సుమారు 109 ఎకరాలు. జనాభా వెయ్యి లోపే. అందులో చర్చి, మ్యూజియాలు, తోటలు పోగా ఫుట్‌బాల్‌కి చోటెక్కడిది? అందుకే మ్యాచ్‌లు గోడ దాటి రోమ్ వైపు గ్రౌండ్‌లో ఆడతారు.

1972లో మొదలైన ఈ లీగ్‌లో క్లబ్బులుండవు, డిపార్ట్‌మెంట్లుంటాయి. మ్యూజియం వాళ్లు, పోస్టాఫీసు వాళ్లు, అక్కడి పోలీసులు, స్విస్ గార్డులు. ఫొటోల్లో చూసుంటారు, చారల డ్రెస్ వేసుకుని చేతిలో ఈటెలాంటిది పట్టుకుని కదలకుండా నిలబడతారే, వాళ్లే. 1506 నుంచి పోప్‌కి కాపలా వాళ్ల పని. డ్యూటీ దిగాక షూ లేసులు కట్టుకుని బాల్ వెనక పరిగెడతారన్నమాట.

ఫాదర్లకీ, ఫాదర్ కాబోయే కుర్రాళ్లకీ వేరే కప్ వచ్చింది, క్లెరికస్ కప్. 2007లో పెట్టారు. దాని ట్రోఫీలో బాల్ మీద ఫాదర్ల టోపీ ఉంటుంది. అందులో ఎల్లో, రెడ్‌తో పాటు బ్లూ కార్డ్ కూడా పెట్టారు. కోపం ఎక్కువైతే ఐదు నిమిషాలు బయట కూర్చుని చల్లబడి రావాలి. మా స్టాండప్ మీటింగులకి అర్జెంటుగా కావాల్సిన ఫీచర్ ఇది!

దేశం పేరు మీద టీమ్ కూడా ఉంది కానీ, ఫిఫాలో సభ్యత్వం లేదు. ర్యాంక్ లేదు, వరల్డ్ కప్ ఆశ లేదు. 2002లో మొనాకోతో ఆడి 0-0 డ్రా చేసుకున్నారు. 2019లో అమ్మాయిల టీమ్ వచ్చింది. ఉద్యోగినులు, ఉద్యోగుల భార్యలు, కూతుళ్లు కలిసి ఆడారు. ఆ మే నెలలో రోమా క్లబ్ అమ్మాయిల చేతిలో 10-0తో ఓడారు. అయినా టీమ్ మూసేయలేదు.

నన్ను ఆపేసిన విషయం ఇవేవీ కాదు. వాటికన్‌లో పుట్టినంత మాత్రాన పౌరసత్వం రాదు. అక్కడ చేసే పనిని బట్టి ఇస్తారు, మామూలుగా పని అయిపోతే అదీ పోతుంది. స్విస్ గార్డుకి సర్వీసులో ఉన్నన్నాళ్లు ఆ పాస్‌పోర్ట్ ఉంటుంది. మ్యూజియంలో పనిచేసే మనిషి మాత్రం చాలావరకు ఇటలీ పౌరుడే, సాయంత్రం రోమ్‌లో ఇంటికెళ్లిపోతాడు. కానీ లీగ్‌లో ఇద్దరూ ఒకే గ్రౌండ్‌లో ఉంటారు. నువ్వు ఇక్కడ పని చేస్తున్నావా, అయితే రా, ఆడు. అంతే లెక్క.

ఇది చదువుతుంటే పోయినేడు మా ఆఫీస్ కప్ గుర్తొచ్చింది. బాల్ ఫెన్స్ దాటి గేటు దగ్గర పడింది. సెక్యూరిటీ అన్న దాన్ని కాలితో ఆపి, ఒక్క తన్నుతో సరిగ్గా నా కాళ్ల దగ్గరికి పంపాడు. నలభై అడుగుల దూరం నుంచి! "అన్నా, ఎక్కడ నేర్చుకున్నావ్?" అన్నా. "కాలేజీ టీమ్‌లో ఆడేవాణ్ణి సార్" అన్నాడు నవ్వుతూ.

మా టీమ్‌లో ఒకడు తక్కువ. తీసుకుందామని అడిగితే కుదరదన్నారు. ఆయన ట్యాగ్ ఎరుపు, మాది నీలం. కాంట్రాక్ట్ వాళ్లు ఎంప్లాయీస్ కింద రారట. రోజూ మా అందరికంటే ముందొచ్చి, అందరం వెళ్లాక వెళ్లే మనిషి! నేను అప్పుడు ఇంకేం అనలేదు. నలుగురమే ఆడాం, ఓడాం. ఆయన గేటు దగ్గర నిలబడి మ్యాచ్ మొత్తం చూశాడు. ఓడిపోయినందుకు కాదు, అప్పుడు ఏమీ అననందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

ఈ ఏడు ఫామ్ నిన్ననే మెయిల్‌లో వచ్చింది. ఐదో పేరు దగ్గర ఆయన పేరే రాశాను. ఎంప్లాయీ ఐడీ గడి ఖాళీగా వదిలేసి సెండ్ కొట్టా. రిప్లై ఇంకా రాలేదు.