గడియారం చెప్పే చాడీలు

మొన్న మా ఇంట్లో పెళ్ళిలో భోజనాల దగ్గర మా బావగారొక తీర్పు చెప్పారు. చెల్లెలుండే పోర్ట్ బ్లెయిరూ, తమ్ముడుండే సింగపూరూ ఆయన చూసొచ్చారు లెండి.

"సింగపూర్ వాళ్ళు చురుకైన మనుషులమ్మా! రాత్రి పదింటిక్కూడా బజారు కళకళలాడుతూంటుంది. పోర్ట్ బ్లెయిర్‌లోనో, ఏడు కొట్టేసరికి ఆవలింతలే. ఆ ఉప్పుగాలికి బద్ధకం పట్టుకుంటుంది. మా చెల్లెలూ అలాగే తయారైంది!"

పక్కనే పప్పు వడ్డిస్తున్న మా ఆడపడుచు మొహం చిన్నబోయింది. ఏమీ అనలేదు. అందుకే నేనంటున్నాను.

ఆ రెండూళ్ళూ నేనూ చూశాను. ఆయన హాల్లోంచి చూస్తే, నేను వంటింట్లోంచి చూశాను. అంతే తేడా.

పోర్ట్ బ్లెయిర్ (2024లో శ్రీ విజయపురమని పేరు మార్చారు గానీ నా నోటికింకా పాతదే వస్తోంది) దాదాపు 93 డిగ్రీల తూర్పు రేఖాంశం మీదుంది. గోడ గడియారం మాత్రం 82న్నర డిగ్రీలది. మన కాకినాడకు దగ్గరగా పోయే గీత అది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున అక్కడి సూర్యుడు గడియారం కన్నా 41 నిమిషాలు ముందుంటాడు. జూన్‌లో అయిదింటికే పొద్దు పొడుస్తుంది. డిసెంబర్‌లో సాయంత్రం అయిదింటికే పొద్దుగూకుతుంది. మా ఆడపడుచు నాలుగున్నరకి లేచి పొయ్యి వెలిగిస్తుంది. ఏడింటికి ఆవలించిందంటే, అది పద్నాలుగున్నర గంటల చాకిరీ తర్వాతి ఆవలింత!

ఇక సింగపూరు. అది 104 డిగ్రీల దగ్గరుంది. 1982 జనవరి 1న మలేషియాతోపాటు గడియారాన్ని అరగంట ముందుకు తోసి, 120 డిగ్రీల వాళ్ళ టైము తెచ్చి పెట్టుకున్నారు. (1942 నుంచి 1945 దాకా జపాను వాళ్ళ ఏలుబడిలో ఏకంగా టోక్యో టైమే నడిచిందట!) ఏడాది పొడుగునా ఏడింటి ప్రాంతాల్లో తెల్లవారుతుంది. బావగారిని అంతగా మురిపించిన రాత్రి పదిగంటలు సూర్యుడి లెక్కన తొమ్మిదైనా కాలేదు. పోర్ట్ బ్లెయిర్ ఏడుగంటలు ఏడూ నలభై దాటాయి. రెండూళ్ళ గడియారాలకి తేడా రెండున్నర గంటలు. సూర్యుడికి తెలిసిన తేడా 44 నిమిషాలే. మిగతాదంతా కాగితాల మీద పుట్టింది.

ఆ చురుకుదనం సంగతీ చెబుతాను. మా తోడికోడలు అయిదింటికి కటిక చీకట్లో లేస్తుంది. ఏడున్నర బడికి పిల్లాణ్ణి ఆరున్నరకే, నిద్రమొహంతో, వీధి దీపాల వెలుతుర్లో పంపిస్తుంది.

ఊరికో స్వభావం ఉండదని నేననను. ఓడ వచ్చిన రోజు పోర్ట్ బ్లెయిర్ సందడి వేరు. తెలుగూ, బెంగాలీ, తమిళం ఒకే కూరగాయల బుట్ట దగ్గర బేరాలాడుతుంటాయి. కానీ దాన్ని గడియారంతో తూస్తే ఎలా? మన పంచాంగం వాళ్ళు నయం. ఊరు మారితే సూర్యోదయం మార్చి లెక్క కడతారు. రాహుకాలానికిచ్చిన ఆ మర్యాద ఆడదాని నిద్రకి ఇవ్వరేం?

అస్సాం తేయాకు తోటల్లో గంట ముందుకు నడిచే 'బాగాన్ టైము' ఉంది. ఆకు కోయడానికి వెలుతురు కావాలని తోటల దొరలకి తట్టింది. ఉద్యోగానికెళ్ళిన ఆడపిల్ల ఇంటికి చేరడానికి వెలుతురు కావాలని ఎవరికీ తట్టదెందుకని? దేశానికి రెండు టైములుంటే రైళ్ళు గుద్దుకుంటాయని భయపెడతారు. అండమాన్‌లో రైలే లేదు మహానుభావా! పోనీ, గడియారం జోలికి వెళ్ళకండి. ఆఫీసులూ బడులూ గంట ముందు తెరిచి గంట ముందు మూయండి. దానికేం అడ్డం?

ఇదంతా బావగారికి విస్తరి ముందే చెప్పాను. ఆయన తాంబూలం నములుతూ విన్నారు. వింటూ వింటూ నోరంతా తెరిచి ఆవలించారు.

నేను టైము చూశాను. మధ్యాహ్నం రెండున్నరైనా కాలేదు.