పెరటి నల్లా, పొరుగింటి గోడ

ఇంటి లోపలి నల్లా కారితే ఆ చప్పుడుకు రాత్రి నిద్ర చెడుతుంది గనుక ఎవరో ఒకరు లేచి దాని సంగతి చూస్తారు. పెరటి నల్లాకు ఆ అదృష్టం లేదు. అది ఎండకు ఎండుతుంది, వానకు తడుస్తుంది. పిల్లలు దాన్ని పట్టుకుని వేలాడుతారు. మొక్కలకు నీరు పట్టే రబ్బరు గొట్టం నెలల తరబడి దాని మెడకు చుట్టుకునే ఉంటుంది. అది కారుతున్నా వినే చెవి ఉండదు. దాని కింద నాచు పట్టి ఇంట్లోని పెద్దావిడ కాలుజారి పడిన తరువాతనో, తమ గోడకు చెమ్మ ఎక్కుతున్నదని పక్కింటివారు మొహమాటంగా చెప్పుకున్న తరువాతనో గాని అది మన దృష్టికి రాదు. ఈ నెల ఈ శీర్షికలో ఆ నల్లాను గురించే నాలుగు మాటలు రాయదలచాము.

మద్రసాలో పాఠాలు చెప్పుకునేవారికి నల్లాల గొడవ ఎందుకని కొందరు పాఠకులు అనుకోవచ్చు. ఫిఖ్హ్ గ్రంథాలలో చాలావరకు మొదటి అధ్యాయం పరిశుభ్రతది, అంటే నీళ్ళదే. అదీగాక నల్లాలతో మాకున్న పరిచయం పుస్తకాలది మాత్రమే కాదు. మా వుజూఖానాలోని నల్లాలను రోజుకు ఐదు పూటలా వందల చేతులు తిప్పుతాయి. పన్నెండేళ్ళ కుర్రవాడు నల్లా కట్టేటప్పుడు తన బలమంతా చూపిస్తాడు. అందుకని ఏటా షాబాన్‌లో సెలవులు ఇచ్చేముందు పెద్ద విద్యార్థుల చేతనే నల్లాలన్నీ విప్పించి వాషర్లు మార్పించడం మా దగ్గర ఆనవాయితీ. దైవప్రవక్త (స) ఇంట్లో తమ చెప్పులు తామే బాగుచేసుకునేవారని, బట్టలు తామే కుట్టుకునేవారని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పిన సంగతి ఆ పిల్లలకు పాఠంలో ఎలాగూ వస్తుంది.

సందర్భం వచ్చింది గనుక ఒక ముచ్చట. ఈజిప్టులో నల్లాను ‘హనఫియ్యా’ అంటారు. ఆ పేరు హనఫీ మజ్‌హబ్ నుంచే వచ్చిందని చెబుతారు. మా విద్యార్థులలో అత్యధికులు హనఫీలే గనుక ఈ సంగతి వినగానే వారి ముఖాలు వెలుగుతాయి. అయితే ఆ వెలుగు నల్లా కట్టేయడంలో కూడా కనిపించాలని అంటూ ఉంటాము.

ఇక లెక్కకు వద్దాము. ఒక మిల్లీలీటరు నీరు సుమారు ఇరవై బొట్లు. సెకనుకు ఒక బొట్టు చొప్పున కారే నల్లా నుంచి రోజుకు 86,400 బొట్లు, అనగా నాలుగు లీటర్లకు పైగా నీరు పోతుంది. ఏడాదికి అది 1,500 లీటర్లు దాటుతుంది. ఈ లెక్క మీద నమ్మకం లేనివారు ఇషా తరువాత నల్లా కింద ఒక గిన్నె పెట్టి ఫజ్ర్ వేళ కొలిచి చూడవచ్చు. దైవప్రవక్త (స) ఒక ముద్ నీటితో వుజూ, ఒక సా నుంచి ఐదు ముద్‌ల నీటితో గుస్ల్ చేసేవారని హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించారు. ముద్ అంటే రెండు చేతులు కలిపి పట్టిన దోసెడు. నాలుగు ముద్‌లు ఒక సా. ముద్ పరిమాణంలో మజ్‌హబ్‌ల మధ్య తేడా ఉంది. హనఫీల ముద్ కొంత పెద్దది. ఏ లెక్కన చూసినా మన పెరటి నల్లా నలుగురైదుగురి వుజూ నీటిని రోజూ మట్టిలో కలుపుతున్నట్టే. ప్రవహించే నది ఒడ్డున ఉన్నా వుజూలో నీరు వృథా చేయరాదన్న ఉల్లేఖనం ఇబ్ను మాజాలో ఉంది. దాని పరంపర గురించి ముహద్దిసులలో చర్చ ఉన్నమాట నిజమే. అయితే నీటి దుబారా తగదన్న విషయంలో విద్వాంసుల మధ్య భేదాభిప్రాయం లేదు.

హైదరాబాదులో 2021 నుంచి ఇంటికి నెలకు 20,000 లీటర్ల వరకు నీరు ఉచితంగా ఇచ్చే పథకం వచ్చిన తరువాత, ‘బిల్లు రాదు కదా’ అనే మాట కొందరి నోట విన్నాము. బిల్లు రాని నీటిని కూడా కృష్ణ నుంచో గోదావరి నుంచో ఎవరో ఎత్తిపోసి పంపుతున్నారు. ఆ నీరు చివరి వీధికి చేరేసరికి సన్నని ధారగా మారుతున్నది.

నల్లా ఎక్కడి నుంచి కారుతున్నదో ముందుగా చూసుకోవాలి. మూతి నుంచి కారితే ఒక కారణం, పిడి కింద నుంచి ఊరితే మరొక కారణం, గోడలోకి పోయే మర దగ్గర చెమ్మ ఉంటే ఇంకొక కారణం. ఈ తేడా చూడకుండా ఏకంగా కొత్త నల్లా కొనుక్కు రావడం చాలామందికి అలవాటు.

మూతి నుంచి కారే పాతకాలపు ఇత్తడి నల్లాలో దోషం సాధారణంగా వాషరుదే. దాని ఖరీదు కొద్ది రూపాయలు. ముందు వాల్వ్ కట్టి నల్లా తెరిచి గొట్టంలో మిగిలిన నీటిని పోనివ్వాలి. పిడి తీసిన తరువాత నల్లా ఒంటి మీద ఆరు పలకల పెద్ద నట్టు కనిపిస్తుంది. దానికి గుడ్డ చుట్టి పానాతో తిప్పితే స్పిండిల్ మొత్తం పైకి వస్తుంది. దాని అడుగున ఉన్న రబ్బరు లేక ఫైబరు బిళ్ళే వాషరు. పాత బిళ్ళ మీద గుండ్రంగా లోతైన గీత పడి ఉంటే నల్లాను అవసరానికి మించి బిగించారని అర్థం. ఆ పాత బిళ్ళనే దుకాణానికి తీసుకుపోయి అదే కొలత కొత్తది తెచ్చుకోవాలి. బిగించేముందు నల్లా లోపలికి వేలు పెట్టి వాషరు ఆనుకునే ఇత్తడి అంచును తడిమి చూడండి. అది నునుపుగా ఉంటే సరి. గుంటలు పడి గరుకుగా తగిలితే ఎన్ని వాషర్లు మార్చినా వారం తిరగకుండా మళ్ళీ కారుతుంది. అప్పుడు నల్లా మార్చడమే మేలు.

పిడి కింద నుంచి నీరు ఊరుతుంటే అక్కడున్న చిన్న నట్టును పావు చుట్టు బిగించి చూడాలి. చాలాసార్లు అంతటితో ఆగిపోతుంది. ఆగకపోతే ఆ నట్టు విప్పి స్పిండిల్ చుట్టూ కాస్త గ్రీజు రాసిన నూలుదారం చుట్టి మళ్ళీ బిగించాలి.

ఇప్పుడు వస్తున్న పావు చుట్టు నల్లాలలో వాషరు ఉండదు. ఒకదానిపై ఒకటి జరిగే రెండు పింగాణీ బిళ్ళలు ఉంటాయి. వృద్ధులకు ఇవి మంచివి. వేళ్ళ కీళ్ళు పట్టేసిన అమ్మమ్మ, నానీమా వంటివారు గుండ్రని పిడిని తిప్పలేరు. పొడవైన పిడి ఉన్న నల్లా అయితే మోచేతితో తోసినా కట్టుబడుతుంది. ఇంట్లో అటువంటి పెద్దలుంటే పాత నల్లా బాగానే ఉన్నా మార్చమనే మా సలహా. ఆ నల్లాకు శత్రువు ఇసుక. బోరు నీటిలోని రేణువులు పింగాణీ మీద గీతలు పెడతాయి. లోపలి కాట్రిడ్జి మొత్తం మార్చడం తప్ప దానికి వైద్యం లేదు.

ఎన్నేళ్ళుగానో మంచిగా ఉన్న నల్లా, మేడ మీద మరో అంతస్తు వేసిన తరువాత కారడం మొదలుపెడుతుంది. ఇందులో వింత ఏమీ లేదు. ట్యాంకు పైకెక్కింది, కింది నల్లా మీద నీటి బరువు పెరిగింది. పది మీటర్ల ఎత్తున్న నీరు గొట్టంలో కలిగించే ఒత్తిడి ఇంచుమించు ఒక వాతావరణ పీడనమంత. అరిగిన వాషరు ఆ బరువును ఆపలేదు.

నల్లా మార్చే పనిలో అసలైన ప్రమాదం గోడ లోపల ఉంది. పాత నల్లా మర తుప్పుతో పట్టేసి ఉంటుంది. ఒక్క పానా వేసి బలంగా తిప్పితే నల్లాతోపాటు గోడలోని ఎల్బో కూడా తిరిగి విరుగుతుంది. అప్పుడు వాషరుతో పోయేదానికి గోడ పగలగొట్టవలసి వస్తుంది. గొట్టం బయటికి కనిపించే చోట ఒక రెంచితో దానిని కదలకుండా పట్టి, రెండవ రెంచితో నల్లాను తిప్పాలి. ఇనుప గొట్టం బాగా తుప్పు పట్టి ఉంటే చేతులు కట్టుకుని పనివాడిని పిలవడం ఉత్తమం. వచ్చినవాడికి కూలి అప్పటికప్పుడే ఇవ్వండి. చెమట ఆరకముందే ఇవ్వమన్న బోధ మనకు తెలియనిది కాదు, అయినా పెరట్లో చిన్నపని కదా అని ‘రేపు రా’ అనేవారిని చూస్తూనే ఉన్నాము.

కొత్త నల్లా మరకు టెఫ్లాన్ టేపు చుట్టాలి. నల్లా మరను మన వైపు తిప్పి పట్టుకున్నప్పుడు గడియారపు ముల్లు తిరిగే దిక్కుననే చుట్టాలి. తిరగేసి చుట్టిన టేపు బిగించేటప్పుడు ఊడి ముద్దవుతుంది. మన దుకాణాలలో దొరికే టేపు పలుచన గనుక పది చుట్లయినా కావాలి. ముందు చేతితో, తరువాత పానాతో బిగించాలి. చివరికి నల్లా మూతి పక్కకు తిరిగి ఉంటే, నేరుగా చేయడానికి వెనక్కి తిప్పకూడదు. వెనక్కి తిప్పిన మర కారుతుంది. పూర్తిగా విప్పి, టేపు ఇంకా రెండు చుట్లు పెంచి మళ్ళీ బిగించాలి. పూర్వం జనపనార చుట్టి సఫేదా పూసేవారు. అందులో సీసం కలిసి ఉండవచ్చు గనుక తాగేనీటి గొట్టానికి అది వద్దు.

ప్లాస్టిక్ గొట్టాల విషయంలో రెండే మాటలు. ఇత్తడి నల్లాను నేరుగా ప్లాస్టిక్ మరలోకి బిగిస్తే ఆ మర ఏదో ఒకనాడు చీలుతుంది. లోపల ఇత్తడి మర పొదిగిన ఎల్బోలు దొరుకుతాయి, అవే వాడాలి. గోడ బయట ఎండ తగిలే గొట్టం కొన్నేళ్ళకు పెళుసుబారుతుంది. నీళ్ళలో కలిపే రంగు పూస్తే అది కొంత కాపాడుతుంది. నూనె రంగులు సీపీవీసీ గొట్టానికి హాని చేస్తాయి.

పెరట్లో కొత్తగా నల్లా పెట్టించుకునేవారు నీరు వచ్చే దారిని గురించి ఆలోచిస్తారు గాని పోయే దారిని మరిచిపోతారు. పొరుగువారితో మనస్పర్థలకు ఇదే మొదలు. ఉమ్మడి గోడకు నల్లా బిగించి, కింద గచ్చు లేకుండా మట్టిలోనే నీరు వదిలితే ఆ నీరు అవతలి ఇంటి పునాదికి చేరుతుంది. వారి గోడకు సున్నం రాలుతుంది, వారి బియ్యం బస్తాకు బూజు పడుతుంది. మన ఇంట్లో వుజూ కోసం వాడిన నీరు పొరుగువాడికి బాధ అయితే ఆ వుజూతో మనం ఏ ముఖం పెట్టుకుని సఫ్‌లో అతని పక్కన నిలబడతాము? పొరుగువాడు మన మతస్థుడు కాకపోయినా అతని హక్కు తగ్గదు. నల్లాను సొంత గోడకు పెట్టించి, కింద రెండు మూడు అడుగుల గచ్చు వేయించి, దానిని ఉమ్మడి గోడకు ఎదురుదిక్కుకు వాలుగా ఉంచాలి. ఆ నీరు అరటి చెట్టుకో మునగ చెట్టుకో పోయేలా చిన్న కాలువ తీస్తే మరీ మంచిది. నల్లా ఎత్తు నిర్ణయించేముందు దాని కింద పెట్టే బకెట్టును పెట్టి చూడండి. బకెట్టు అంచుకు నల్లా మూతి కనీసం నాలుగు వేళ్ళ పైన ఉండాలి.

ఆ నాలుగు వేళ్ళ ఖాళీ సౌకర్యం కోసం మాత్రమే కాదు. మున్సిపాలిటీ నీరు రోజంతా రాని ఊళ్ళలో సరఫరా ఆగినప్పుడు గొట్టం ఖాళీ అవుతూ గాలిని, ఎదుట ఏముంటే దాన్ని వెనక్కి పీలుస్తుంది. నల్లాకు తగిలించిన రబ్బరు గొట్టం కొస సబ్బునీళ్ళ బకెట్టులోనో పశువుల తొట్టిలోనో మునిగి ఉంటే ఆ మురికి గొట్టంలోకి పోతుంది. మర్నాడు నీరు వదలగానే మొదట దానిని తాగేది మన పిల్లలు, తరువాత వీధిలోని పిల్లలు. పని అయిన వెంటనే రబ్బరు గొట్టాన్ని ఊడదీసి కొక్కేనికి తగిలించాలి.

ఇంతకన్నా పెద్ద ప్రమాదం గుంతలోని నల్లా. నీటి ధార సన్నగా వస్తున్నదని వాకిట్లో గొయ్యి తవ్వి నేలమట్టానికి కింద నల్లా పెట్టుకునే ఇళ్ళు మన పట్టణాలలో ఎన్నో ఉన్నాయి. వాన పడితే ఆ గొయ్యి నిండుతుంది, నల్లా మురుగులో మునుగుతుంది. కొందరు మరొక అడుగు ముందుకు వేసి ఆ గొట్టానికి నేరుగా మోటారు బిగిస్తారు. ఇది చట్టరీత్యా నేరం. పైగా అది లాగేది చివరి ఇంటివారి వంతు నీటిని. దారిలో గొట్టం ఎక్కడైనా చీలి మురుగు కాలువ పక్కన ఉంటే ఆ మురుగును కూడా లాగుతుంది. ధార చాలనివారు నేలమట్టానికి సంపు కట్టించి, వచ్చినంత నీటిని దానంతట అదే అందులో పడనిచ్చి, అక్కడి నుంచి మోటారుతో ఎక్కించుకోవచ్చు. ఖర్చు ఎక్కువే. సంపు కట్టించే స్తోమత లేనివారు కనీసం గుంత చుట్టూ జానెడు ఎత్తు గట్టు కట్టి, పైన మూత వేసి, వాడనప్పుడు నల్లా మూతికి బిరడా బిగించి ఉంచాలి. వానాకాలంలో నీరు వచ్చిన మొదటి ఐదు నిమిషాల ధారను తాగడానికి పట్టకుండా గచ్చు కడుక్కోవడానికో చెట్లకో వాడుకోండి. రంగు, వాసన తేడాగా ఉంటే మీరొక్కరే కాచుకుని తాగి ఊరుకోకుండా ఆ రోజే వీధిలో నాలుగిళ్ళకు చెప్పి, మున్సిపల్ కార్యాలయంలో ఫిర్యాదు రాసి ఇవ్వండి.