‘రాత్రి’ సినిమాకు ఆ పేరు సరిపోయిందా?



రామ్‌గోపాల్ వర్మ 1992లో తీసిన ‘రాత్రి’ని మొన్న రూములో నలుగురం కూర్చుని మళ్లీ చూశాం. హిందీలో ‘రాత్’ అదే. ముప్పై ఏళ్లు దాటినా భయం తగ్గలేదు. కానీ అయిపోయాక వాదన మొదలైంది, ఆ పేరు దానికి తగిందేనా అని. నా మటుకు నాకు తగలేదు.

మొదటి సీన్ గుర్తు చేసుకోండి. పట్టపగలు. ఊళ్లో మనిషి జాడ లేదు. రేవతి ఒక్కతే నడుస్తుంటుంది. సినిమాహాల్లో జనమంతా మాయమయ్యే సీన్ కూడా అంతే. వణికించేది చీకటి కాదు, పక్కన మనిషి లేకపోవడం. ఇక కథకు మూలమేంది? ఆ ఇంట్లో ఒకప్పుడు ఒక ఆడమనిషిని చంపేశారు. తప్పు చేసింది మనిషి, పేరు మోసింది రాత్రి!

అదే వర్మ 1996లో తీసిన ‘దెయ్యం’కి ఈ పేచీ లేదు. పేరులో ఏముందో కథలో అదే ఉంది.

“పేరు వింటేనే భయం పుట్టాలి కదా, అందుకే పెట్టారు” అన్నాడు ఒక తమ్ముడు. నిజమే, టికెట్లు తెగడానికి అది మంచి పేరే. కానీ నల్లమల అంచున పుట్టిన మనకు రాత్రంటే దెయ్యం కాదు. దోర్నాల, యర్రగొండపాలెం వైపు గూడేల్లో పెద్దోళ్లను అడగండి. కొండతేనెకు దిగే చెంచు మనిషి పైన తాడు పట్టుకోను బావమరిదినే పెట్టుకుంటాడు. చెల్లెలి పసుపు కుంకుమలు కోరేవాడు తాడు వదలడని నమ్మకం. అంటే మనోళ్లు ఎప్పుడో కనిపెట్టారు, భయం లోయలో లేదు, తాడు పట్టుకున్న చేతిలో ఉంది. రాత్రిపూట పాము కరిస్తే మనకు భయం చీకటిని చూసి కాదు, ఆసుపత్రి దూరాన్ని చూసి.

ఇదంతా పేరు గురించిన గొడవేనా అంటారేమో. కాదు. ఆడపిల్ల ఉన్నట్టుండి మాట్లాడటం మానేస్తే “గాలి సోకింది, రాత్రిపూట బయట తిరిగింది” అనేస్తాం. ఆ పిల్లకు ఏం జరిగింది, ఎవరేం చేశారు అని అడగం. నేరం రాత్రి మీద వేస్తే చేసినోడు హాయిగా పగలు తిరుగుతాడు.

సినిమా గొప్పదే, చూడండి. పేరు మాత్రం ఆ ఇంటి మీద పెట్టి ఉండాల్సింది. మీకేం తోస్తుందో చెప్పండి.