రెండు కుర్చీల బేరం

ఆదర్శమా, ఆచరణా అన్న పేచీ లేని రాజకీయ పక్షం ఎక్కడుంది? అమెరికాలో 1964 ఆగస్టున, అట్లాంటిక్ సిటీలో జరిగిన డెమొక్రాటిక్ మహాసభలో అది వీధికెక్కింది.

మిసిసిపీ నుంచి వచ్చిన ప్రతినిధులందరూ తెల్లవాళ్ళే. నల్లవారిని ఓటర్ల జాబితా ఎక్కనివ్వని రాష్ట్రమాయె! అందుచేత ఫ్రీడం డెమొక్రాటిక్ పార్టీ పేర మరొక జట్టు వచ్చి, అసలు ప్రతినిధులం మేమేనన్నది. పత్తిచేల కూలి ఫానీ లూ హేమర్, ఓటర్ల శిక్షణ తరగతికి వెళ్లివస్తూండగా తనను పట్టుకుని జైల్లో కొట్టించిన వైనం సభాసంఘం ముందు చెప్పింది.

అధ్యక్షుడు జాన్సన్ లెక్క వేరు. వీరిని కూర్చోబెడితే దక్షిణాది చేజారుతుందని ఆయన భయం. రెండు కుర్చీలిస్తామన్నారు, వాటిలో కూర్చునేదెవరో కూడా వారే నిర్ణయించారు! పుచ్చుకొమ్మని పౌరహక్కుల పెద్దలే కొందరు నచ్చజెప్పారు. ఆ జట్టు వినలేదు.

నేనైతే పుచ్చుకునేవాణ్ణే. ఇరవయ్యేళ్ల గుమాస్తాగిరీ నేర్పిన బుద్ధి అది.

తీరా నవంబరులో దేశమంతటా ఘనంగా గెలిచిన జాన్సన్‌కు మిసిసిపీ మాత్రం దక్కనే లేదు. అయితే 1965లో ఓటుహక్కు చట్టం మీద సంతకం చేసిందీ ఆ లెక్కలమనిషే సుమండీ. 1968లో చికాగో మహాసభకు పాత తెల్లజట్టును రానీయలేదు. మిసిసిపీ ప్రతినిధులలో హేమర్ కూర్చున్నది.