బండి చేతికొస్తే చాలదు... పేరూ మారాలి!

‘ఫస్ట్ ఓనర్, డాక్టరుగారు వాడిన బండి, చిన్న గీత కూడా పడలేదు, కుటుంబం విదేశాలకు వెళ్తున్నందున అమ్మకం...’ పేపర్లోనో ఆన్‌లైన్‌లోనో ఇలాంటి ప్రకటన కనిపిస్తే చాలు, కారు కొనాలన్న కోరిక ఉన్న ఇంట్లో హడావుడి మొదలవుతుంది. కొత్త కారుకు అంత డబ్బు పెట్టలేని మధ్యతరగతి కుటుంబానికి మూడు లక్షల్లో దొరికే పాత కారు పెద్ద ఊరటే. పైగా నేరుగా యజమాని దగ్గరే కొంటే మధ్యవర్తి కమీషన్ మిగులుతుంది. బండిని ఎలా వాడారో ఆయన్నే అడిగి తెలుసుకోవచ్చు. ఇవన్నీ నిజమే. అయితే దుకాణంలో కొన్న వస్తువుకు చట్టం ఇచ్చే రక్షణలో చాలా భాగం ఈ బేరానికి వర్తించదన్న సంగతి డబ్బు చేతులు మారాక గానీ చాలామందికి తెలియదు.

కమిషన్‌కు వెళ్లొచ్చా?

కొన్న నెలకే గేర్‌బాక్సు పోయిందనుకుందాం. చాలామందికి ముందుగా గుర్తొచ్చేది వినియోగదారుల కమిషన్. 2020 జులై 20 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త వినియోగదారుల రక్షణ చట్టమైనా, అంతకుముందున్న 1986 నాటి చట్టమైనా ప్రధానంగా వ్యాపారుల్నీ, సేవలు అందించే సంస్థల్నీ ఉద్దేశించినవి. సొంతానికి వాడుకున్న కారును ఒక ఉద్యోగి మరో ఉద్యోగికి అమ్మితే ఆయన వ్యాపారి కాడు. కాబట్టి అక్కడ ఫిర్యాదు నిలబడటం కష్టం. అదే పాత కార్ల డీలరు దగ్గర కొంటే ఆ దారి ఉంటుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం పాత వాహనాలు అమ్మే డీలర్లు రవాణా శాఖ నుంచి అధికార పత్రం కూడా తీసుకోవాలి.

మరి వ్యక్తుల మధ్య అమ్మకానికి ఏ చట్టం దిక్కు? 1930 నాటి వస్తు విక్రయ చట్టం, 1872 నాటి కాంట్రాక్టు చట్టం. మొదటి దాని ప్రకారం అమ్మేవారికి ఆ వస్తువును అమ్మే హక్కు ఉండి తీరాలి. బండి దొంగ సొత్తని తేలి పోలీసులు పట్టుకెళ్తే ఇచ్చిన డబ్బును అమ్మినవారి నుంచి రాబట్టుకోవచ్చు. నాణ్యత విషయంలో మాత్రం అదే చట్టం కొనేవారినే జాగ్రత్తపడమంటుంది. వ్యాపారి కాని వ్యక్తి ‘ఇది బాగా పనిచేస్తుంది’ అని హామీ ఇచ్చినట్టు చట్టం దానంతటదే భావించదు.

కాంట్రాక్టు చట్టం ప్రకారం అబద్ధం చెప్పి అంటగడితే ఒప్పందాన్ని రద్దు చేసుకునే హక్కు కొన్నవారికి ఉంటుంది. ఇక్కడే ఒక మెలిక ఉంది. అడగనిది చెప్పకపోవడం సాధారణంగా మోసం కింద రాదు. అడిగినప్పుడు తప్పు చెబితే అది మోసం. అందుకే ‘ప్రమాదం జరిగిందా? వరదలో మునిగిందా? ఎన్ని కిలోమీటర్లు తిరిగింది? అప్పు ఉందా?’ అన్న నాలుగు ప్రశ్నలూ అడిగి తీరాలి. జవాబులు నోటిమాటగా కాకుండా కాగితం మీదో, వాట్సాప్ సందేశంలోనో ఉండాలి. ప్రకటనను కూడా ఫోన్‌లో స్క్రీన్‌షాట్ తీసి దాచుకోవాలి. రేపు కోర్టుకు వెళ్లాల్సి వస్తే సాక్ష్యం అదే.

అమ్మినా వదలని బాధ్యత

స్టాంపు పేపరు మీద సంతకాలు చేసుకుని, తాళాలు పుచ్చుకుని, ‘ఆర్సీ తర్వాత చూసుకుందాంలే’ అనుకునేవారు ఎందరో. ఆ ‘తర్వాత’ ఎంత ఖరీదైందో 2018 ఫిబ్రవరి 6న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చెబుతుంది. ఆ కేసులో ఒకాయన తన కారును 2007లో అమ్మేశారు. అది ఒకరి నుంచి ఒకరికి చేతులు మారుతూ పోయింది. ఆర్సీలో పేరు మాత్రం మారలేదు. 2009లో రివర్సులో వస్తూ అది ఢీకొని ఒక బాలుడు చనిపోయాడు. బండికి బీమా లేదు. పరిహారం ఎవరివ్వాలి? చివరగా కొన్నవారే ఇవ్వాలని హైకోర్టు అంది. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. మోటారు వాహనాల చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉంటే వారే యజమాని అని, బాధితులు బండి ఎన్ని చేతులు మారిందో వెతుక్కుంటూ తిరగాల్సిన పని లేదని తేల్చింది.

ఈ తీర్పు అమ్మేవారిని భయపెట్టేదే. కానీ కొనేవారికీ అందులో పాఠం ఉంది. కాగితం మీద బండి ఇంకా పాతాయనదే అయితే దాని మీద వచ్చే హక్కులు కూడా కొన్నవారికి గట్టిగా దక్కవు.

చట్టంలోని 50వ సెక్షన్ ప్రకారం ఒకే రాష్ట్రంలో అమ్మకమైతే అమ్మినవారు 14 రోజుల్లో రవాణా శాఖకు తెలియజేయాలి. కొన్నవారు 30 రోజుల్లో తమ పేరిట మార్చమని దరఖాస్తు చేసుకోవాలి. అందుకు వాడేవి 29, 30 నంబరు ఫారాలు. వీటిని ఖాళీగా సంతకం పెట్టించుకుని చేతులు మార్చే అలవాటు ఉంది. అది ఇద్దరికీ ప్రమాదమే. పేర్లు, తేదీ, వాహనం నంబరు అన్నీ నింపాకే సంతకం చేయాలి.

ఆర్సీలో ఏం చూడాలి?

ముందుగా అమ్మే మనిషి, ఆర్సీలోని మనిషి ఒకరేనా అన్నది చూడాలి. ‘మా బావగారి బండి’, ‘ఫ్రెండు అమెరికాలో ఉన్నాడు’ అంటే అక్కడ ఆగాల్సిందే. యజమాని చనిపోయి ఉంటే వారసులు 31వ నంబరు ఫారంతో పేరు మార్పించుకున్నాకే బేరం మాట్లాడటం క్షేమం. ఛాసిస్ నంబరు, ఇంజిను నంబరు ఆర్సీలో ఉన్నవీ, బండి మీద చెక్కినవీ ఒక్కో అంకే పోల్చి చూడాలి. అక్కడ రుద్దిన ఆనవాళ్లు ఉంటే వెనక్కి తిరగడమే మేలు.

ఆర్సీలో ఫైనాన్స్ సంస్థ పేరుంటే అప్పు తీరినట్టు ఆ సంస్థ ఇచ్చే ఎన్‌ఓసీ, 35వ నంబరు ఫారం ఉండాలి. సంస్థ రాతపూర్వక అంగీకారం లేకుండా పేరు మారదు. ‘మిగిలిన వాయిదాలు మీరు కట్టుకోండి’ అన్న మాట నమ్మి కొన్న బండిని ఫైనాన్స్ వాళ్లు ఇంటి ముందు నుంచే తీసుకెళ్లిన సందర్భాలు తెలియనివి కావు. పెండింగ్ చలాన్లను పోలీసుల ఈ-చలాన్ సైట్లో చూసుకోవాలి. ప్రైవేటు కారు రిజిస్ట్రేషన్ గడువు 15 ఏళ్లు. ఆ తర్వాత ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. పన్నెండు, పదమూడేళ్ల బండిని బేరమాడేటప్పుడు ఆ ఖర్చునూ లెక్కలో వేసుకోవాలి.

ఇంకో సంగతి. 2014 జూన్ 2కు ముందు విజయవాడ కారును హైదరాబాద్‌లో కొంటే అది ఒకే రాష్ట్రంలోని వ్యవహారం. ఇప్పుడది వేరే రాష్ట్రం బండి. 28వ నంబరు ఫారంతో అక్కడి ఆర్టీఏ నుంచి ఎన్‌ఓసీ తేవాలి. ఇక్కడ బండి వయసును బట్టి లైఫ్ ట్యాక్స్ కట్టాలి, నంబరూ మార్పించుకోవాలి. పదేళ్లు దాటిన డీజిల్ వాహనాలు ఢిల్లీలో తిరగరాదని 2015లో జాతీయ హరిత ట్రైబ్యునల్ ఆదేశించడం, 2018లో సుప్రీంకోర్టు సమర్థించడంతో అక్కడి బండ్లు చవగ్గా దక్షిణాదికీ వచ్చాయి. ఇలాంటి వాటి విషయంలో ట్యాక్సు కలిపి చూస్తే ‘చవక’ ఎంత మిగులుతుందో ముందే లెక్క వేసుకోవాలి.

బీమా కాగితం చెప్పే నిజం

బండి కొన్న 14 రోజుల్లో బీమాను కూడా తమ పేరిట మార్చమని కంపెనీని కోరాలి. చట్టం ప్రకారం థర్డ్ పార్టీ బీమా బండితోపాటే కొన్నవారికి బదిలీ అయినట్టు లెక్క. సొంత బండికి జరిగే నష్టానికి ఆ వెసులుబాటు లేదు. పాలసీ పేరు మారకముందే బండి నుజ్జయితే రిపేరు ఖర్చు సొంత జేబులోంచే పోవచ్చు. అసలు బీమాయే లేకుండా రోడ్డెక్కితే మొదటిసారికి 2,000 రూపాయల జరిమానా, మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు.

పాత పాలసీలో ‘నో క్లెయిమ్ బోనస్’ దగ్గర ఉన్న అంకెను తప్పక చూడాలి. క్లెయిమ్ లేకుండా ఏడాది గడిస్తే 20 శాతం, వరసగా ఐదేళ్లు గడిస్తే 50 శాతం రాయితీ వస్తుంది. ఐదేళ్ల బండికి ‘గీత కూడా పడలేదు’ అంటూనే పాలసీలో సున్నా కనిపిస్తే, ఎందుకని అడగాలి. పాలసీ గడువు దాటి చాలాకాలం కట్టకపోయినా, బండి చేతులు మారినా సున్నా అవుతుంది కాబట్టి జవాబు విన్నాకే నిర్ణయానికి రావాలి. అన్నట్టు, ఈ బోనస్ మనిషిది గానీ బండిది కాదు. కొన్నవారికి అది రాదు.

కళ్లతో చూడాల్సినవి

బండిని పొద్దున్నే, ఇంజిను చల్లగా ఉన్నప్పుడు చూడాలి. ‘మీరొస్తున్నారని స్టార్ట్ చేసి ఉంచా’ అంటే చల్లారే దాకా ఆగాలి. బానెట్, తలుపుల బోల్టుల మీద పెయింట్ లేచి ఉంటే వాటిని ఎప్పుడో విప్పారన్నమాట. టైరు మీద చివరి నాలుగంకెలు తయారైన వారాన్నీ, సంవత్సరాన్నీ చెబుతాయి. ‘2319’ అంటే 2019లో 23వ వారం. ఇరవై వేల కిలోమీటర్లే తిరిగిందన్న బండికి టైర్లు మార్చి ఉంటే మీటరును అనుమానించాలి. యజమానిని వెంటబెట్టుకుని కంపెనీ సర్వీసు సెంటరుకు వెళ్తే పాత సర్వీసుల్లో నమోదైన కిలోమీటర్లు తెలుస్తాయి.

2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో ఎన్నో కార్లు నీట మునిగాయి. అలాంటి బండి పైకి తళతళలాడొచ్చు. సీటు బెల్టును చివరిదాకా లాగి చూస్తే బురద మరక దొరుకుతుంది. కార్పెట్ కింద, సీటు పట్టాల మీద తుప్పు కనిపిస్తుంది. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగి ఆరాలి. అసలు వెలగకపోయినా, ఆరకపోయినా ఏదో లోపమే. తెలిసిన మెకానిక్‌ను తీసుకెళ్లి షెడ్డులో లిఫ్టు మీద చూపించడానికి అయ్యే ఖర్చు దండగ కాదు. మామూలు జాగ్రత్తతో తెలిసిపోయే లోపాన్ని కూడా చూడకుండా కొంటే, ‘అమ్మినాయన దాచిపెట్టాడు’ అన్న వాదన కోర్టులో బలహీనపడుతుంది.

డబ్బు ఇచ్చే ముందు

బండి చూడకుండా అడ్వాన్సు పంపకూడదు. సైన్యంలో పనిచేస్తున్నామని, బదిలీపై వెళ్తున్నామని చెప్పి ఆన్‌లైన్లో డబ్బు గుంజే ముఠాల గురించి పోలీసులు పలుమార్లు హెచ్చరించారు. అలా పోయిన డబ్బుకు వెంటనే 1930కు ఫోన్ చేస్తే ఖాతా స్తంభింపజేసే అవకాశం ఉంటుంది. మొత్తాన్ని బ్యాంకు ద్వారానే, ఆర్సీలో పేరున్న వ్యక్తి ఖాతాకే చెల్లించాలి. 2017 ఏప్రిల్ నుంచి ఒక లావాదేవీలో రెండు లక్షలు, ఆపైన నగదుగా తీసుకోవడం నిషిద్ధం. తీసుకున్నవారికి అంతే మొత్తం జరిమానా పడొచ్చు.

అప్పగింత కాగితం మీద తేదీతోపాటు గంట కూడా రాసుకోవాలి. ఆ సమయానికి ముందు జరిగిన ప్రమాదం, చలాను ఎవరివో అదే చెబుతుంది. అమ్మినవారి ఆధార్ ప్రతి, చిరునామా దగ్గర పెట్టుకోవాలి. మనిషి ఎక్కడున్నాడో తెలియకపోతే ఎంత మంచి హక్కయినా కాగితానికే పరిమితం. అన్నీ కుదిరాక కొంత మొత్తాన్ని పేరు మారేదాకా ఆపుకొనేలా ముందే మాట్లాడుకుంటే మరీ మంచిది.

ఇంత చేసినా మోసపోతే ముందుగా లాయరు నోటీసు ఇవ్వాలి. మోసం బయటపడిన నాటి నుంచి మూడేళ్లలోగా సివిల్ కోర్టులో దావా వేయొచ్చు. కావాలని మోసగించినట్టు ఆధారాలుంటే పోలీసులకూ ఫిర్యాదు చేయొచ్చు. పాత శిక్షాస్మృతిలోని 420 సెక్షన్ స్థానంలో 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలోని 318 సెక్షన్ అమల్లో ఉంది. కాకపోతే కోర్టుకెళ్లి గెలవడానికి ఏళ్లు పట్టొచ్చు. బేరం కుదరకముందు ఆర్టీఏ ఆఫీసులో, మెకానిక్ షెడ్డులో గడిపే ఒక్క రోజు ఆ ఏళ్లను మిగులుస్తుంది.