సముద్రం కూడు పెట్టింది - ఎవరికి?



భీమిలి వెళ్తే డచ్చి వాళ్ల సమాధులు చూపిస్తారు. 17వ శతాబ్దంలో దిగి, 1825లో ఇంగ్లీషోడికి ఊరప్పజెప్పి పోయిన దొరలకి రాళ్లున్నాయి, రాళ్ల మీద పేర్లున్నాయి. వాళ్ల మూటలు మోసినోడి పేరు ఏ రాయి మీదుంది?

భీమిలి, కళింగపట్నం, బారువ గొప్ప ఓడరేవులని పుస్తకాలు రాస్తాయి. అక్కడ ఓడ ఒడ్డుకి వచ్చేది కాదు. దూరంగా లంగరేసి నిలబడేది. మేకు లేకుండా కొబ్బరితాడుతో కుట్టిన మసూలా పడవలో, ప్రాణాలకి తెగించి, కెరటాలు దాటించినోళ్లు జాలర్లు. గోగునార మోపులు పడవ దాకా మోసినోళ్లు కూలీలు. లాభం మాత్రం ఓడెక్కిపోయింది.

ఉప్పు సంగతీ అంతే. 1805లో కంపెనీ మద్రాసు రాజ్యంలో ఉప్పంతా తన గుత్తకి తెచ్చుకుంది. ఉప్పు మడిలో కాళ్లు పుళ్లు పడేలా పనిచేసినోడే తన గంజిలోకి పన్ను కట్టిన ఉప్పు కొనుక్కోవాలి. ఒడ్డున దానంతటది పేరిన ఉప్పు గీరుకుంటే నేరం! ఆ పన్ను 1947 దాకా పోలేదు.

ఇక్కడ కూడు లేకే మన పేటల వాళ్లు ఇవే రేవుల్లో రంగూన్ ఓడలెక్కారు. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. కంపెనీలు బర్మా కూలీలని దింపాయి. సమ్మె తీరాక వాళ్లని పొమ్మన్నాయి. కడుపు మండిన బర్మావోడు కంపెనీని వదిలి మనోళ్ల మీద పడ్డాడు. పేదోడి చేత పేదోణ్ణి చంపించి దొర చల్లగా ఉన్నాడు. 1942లో జపానువోడొస్తే అడవుల్లో నడిచొస్తూ దారిలో రాలిపోయినోళ్లెందరో!

ఇప్పుడు మళ్లీ రేవంటున్నారు. నౌపడ దగ్గర మూలపేటలో 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన చేశారు. భూమి పోయిన ఆసామికి పరిహారం సరే. ఆ భూమిలో కూలి చేసినోడికేదీ? 2013 భూసేకరణ చట్టం ఏమంటోంది? సెంటు భూమి లేకపోయినా, సేకరణకి ముందు మూడేళ్లుగా అక్కడే కూలి చేసుకుని బతికిన కుటుంబం బాధిత కుటుంబమే. నీటిని నమ్ముకున్న జాలరి కుటుంబమూ అంతే. ఇది ఎవడో వేసే బిచ్చం కాదు, చట్టంలో రాసున్న హక్కు.

ఏ ఊళ్లో రేవు పడినా గ్రామసభలో లేచి అడగండి: జాబితాలో మా పేరేదీ? ఉద్యోగమంటే ఏ ఉద్యోగం? ఎన్నాళ్లు? కాగితం మీద రాయండి! మూటలు మాకూ, లెక్కలు మీకూ అంటే కుదరదు. క్రేను నడిపే చదువు మా పిల్లలకీ కావాలి.

జాలరిపేటా, మాలపేటా, రెల్లివీధీ ఒక్కటై అడగాలి. విడిపోయామా, రంగూన్ మన ఊళ్లోకే వస్తుంది.

జై భీమ్!